బొగ్గు మసికి కుంకుడు రసం: సింగరేణి కాలరీస్ ఛైర్మన్ అండ్ మేనేజింగ్ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ



మీ బల్ల మీదికి వచ్చే వినతిపత్రాల్లో కొత్త గనులు, లాభాల వాటా, వారసత్వ ఉద్యోగాలు, క్వార్టర్ల మరమ్మతులు ఉంటాయి. ఈ ఉత్తరం సబ్బు గురించి. వినడానికి చిన్న సంగతే. కానీ తవ్విన బొగ్గు వ్యాగన్లకెక్కి కరెంటు కేంద్రాలకు పోతుంది, దాని లెక్క టన్నుల్లో రాసి ఉంటుంది. దాని వెంట లేచిన దుమ్ము మాత్రం గోదావరిఖని, యైటింక్లైన్ కాలనీ, సెంటినరీ కాలనీ ఇళ్లల్లోకి వస్తుంది. కిటికీ చువ్వల మీద, తీగకు ఆరేసిన బట్టల మీద, షిఫ్టు దిగి వచ్చిన మనిషి మెడ ముడతల్లో, కనురెప్పల అంచుల్లో చేరుతుంది. దాన్ని కడిగే పనిని ఏ రిజిస్టరులోనూ ఎవరూ రాయరు. ఇంట్లో తయారు చేసుకునే పొడులు, నలుగులు, కడిగే ద్రావణాలు ఈ బొగ్గు బెల్టు కుటుంబాలకు నిజంగా మేలు చేయగలవు. అయితే ‘సహజం’ అనే పేరు చూసి వాడితే చేయవు, ఏ మురికికి ఏది పనిచేస్తుందో తెలిసి వాడితే చేస్తాయి. ఆ తెలివిడి నేర్పే స్తోమత ఈ చుట్టుపక్కల అందరికంటే ఎక్కువ మీ సంస్థకే ఉంది. నేను చెప్పదలచుకున్నది ఇంతే, మిగతాదంతా దానికి రుజువులు, దాని మీద రాగల అభ్యంతరాలకు జవాబులు.

సింగరేణి సేవా సమితి పేరున కార్మిక కుటుంబాల ఆడవాళ్లకు, పిల్లలకు ఏళ్ల తరబడి వృత్తి శిక్షణలు ఇస్తున్నారు. కుట్టు పని, బ్యూటీషియన్ కోర్సు నేర్చుకుని నాలుగు రూపాయలు సంపాదించుకుంటున్న వాళ్లను కాలనీల్లో ఎవరైనా చూపిస్తారు. మహిళలకు ఇచ్చే ఇలాంటి శిక్షణల్లో, ఒక్క మీ దగ్గరనే కాదు, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తరచూ కనిపించే పాఠం ఒకటుంది: ఇంట్లోనే సర్ఫ్, ఫినాయిల్, గిన్నెల లిక్విడ్ తయారీ. ఆ పాఠాన్ని కాస్త దగ్గరికి వెళ్లి చూద్దాం. బకెట్లో నీళ్లు పోస్తారు. అందులో ఎస్‌ఎల్‌ఈఎస్ అనే తెల్లటి జిగురు పేస్టు వేసి కర్రతో తిప్పుతారు. చివర్లో గుప్పెడు ఉప్పు వేయగానే అప్పటిదాకా నీళ్లలా ఉన్నది తేనెలా చిక్కబడుతుంది, చూసేవాళ్లకు అదొక గారడీ. ఆపైన ఆకుపచ్చ రంగు నాలుగు చుక్కలు, నిమ్మ వాసన సెంటు కాస్త. సీసా మీద నిమ్మకాయ బొమ్మ ఉంటుంది, లోపల నిమ్మరసం చుక్క ఉండదు. ఫినాయిల్ అంటే కొట్లో కొన్న చిక్కటి నూనెకు నీళ్లు కలిపి పాలలా తెల్లగా చేయడం. సర్ఫ్ అంటే యాసిడ్ స్లరీలో సోడా యాష్ కలపడం. ఈ యాసిడ్ స్లరీ చర్మాన్ని కాల్చే ఆమ్లం, సోడాతో కలిసేటప్పుడు వేడి పుట్టిస్తుంది. ఇందులో మోసం లేదు, ఈ సరుకు పనికిరానిదీ కాదు. కానీ ఇది ఫ్యాక్టరీ సరుకును తెచ్చి చిల్లరగా కలుపుకోవడం. కలిపిన చేతులకు తాము కలిపింది ఏమిటో తెలియదు. ఇంట్లో చేసింది గనుక మంచిదే అన్న ధీమా మాత్రం మిగులుతుంది.

ఈ పాఠానికి ముందు ఇంకో పాఠం ఉండాలి. దానికి కావాల్సింది గాజు గ్లాసు, చిటికెడు బొగ్గు పొడి, రెండు కుంకుడు కాయలు. గ్లాసులో నీళ్లు పోసి పైన మెత్తటి బొగ్గు పొడి చల్లండి. బొగ్గు నీటికంటే బరువు, లెక్క ప్రకారం మునగాలి. మునగదు. నల్లటి మీగడలా పైన పరుచుకుంటుంది. వేలు ముంచి తీస్తే మసి వేలికి అంటుకుని వస్తుంది. బొగ్గుకు నీళ్లు గిట్టవు, జిడ్డు ఇష్టం. ఒట్టి నీళ్లతో ఎంతసేపు కడిగినా మసి పోకపోవడానికి కారణం ఇదే. ఇప్పుడు కుంకుడు పెచ్చులు నానబెట్టి పిసికిన రసం నాలుగు చుక్కలు అంచు వెంట జారవిడవండి. మీగడ చెదురుతుంది, పొడి తడుస్తుంది, నల్లటి పోగులు పోగులుగా అడుక్కు దిగుతుంది. కుంకుడులోని సపోనిన్ అనే పదార్థం ఒక కొసతో నీటిని, ఇంకో కొసతో జిడ్డును పట్టుకుంటుంది, అంతకుమించి అందులో మాయ ఏమీ లేదు. సబ్బు చేసే పనీ, సర్ఫ్ చేసే పనీ ఇదే. మీ ఇంజనీర్లకు ఇది కొత్త విషయం కాదు. గనుల్లో దుమ్ము అణచడానికి చల్లే నీళ్లలో వెట్టింగ్ ఏజెంట్ కలపడం లోకమంతటా ఉన్న పద్ధతే. బొగ్గు బాయిలో వాడే సూత్రాన్ని బాత్‌రూమ్ దాకా తీసుకురావడమే నేను అడుగుతున్నది.

ఆ గ్లాసులో చూసింది అర్థమైతే ఇంటి పనిలో చాలా సంగతులు వాటంతట అవే తేలిపోతాయి. కనురెప్పల అంచున కాటుక పెట్టినట్టు మిగిలిపోయే నల్లటి గీతను సబ్బుతో రుద్దితే కళ్లు మండుతాయి, గీత మాత్రం ఉంటుంది. రెప్పలు మూసి కొబ్బరి నూనె ఒక చుక్క దూదికి అద్ది తుడిస్తే మసి దూదికి దిగుతుంది, ఎందుకంటే బొగ్గు నూనె వైపే పోతుంది. వేళ్ల కణుపులకు, గోళ్ల సందులకు కూడా అంతే: ముందు నూనె, తర్వాత సున్నిపిండి, చివర నీళ్లు. మన పెద్దలు పండగ పూట తలంటులో నూనె, నలుగు, కుంకుడు అనే వరుస పెట్టింది బొగ్గు కోసం కాకపోయినా, ఆ వరుస బొగ్గుకు సరిగ్గా అమరింది. పని బట్టలను గుమ్మం ముందు దులపడం ఇంకో పాడలవాటు. దులిపితే దుమ్ము ఇంట్లో చంటిపిల్లల ముక్కుల్లోకి పోతుంది. దులపకుండా ముందు కుంకుడు నీళ్లలోనో సర్ఫ్ నీళ్లలోనో తడిపి ఉంచాలి. గనిలో నీళ్లు చల్లాకే బొగ్గు కదిలించాలని ఎందుకంటారో, ఇంట్లో బట్టల సంగతీ అందుకే.

ఇక్కడే ఒక అనుమానం రావాలి, రాకపోతే నేనే తెస్తాను. మసి ఇంటిదాకా ఎందుకు రావాలి? బొగ్గు గనుల పిట్‌హెడ్ బాత్ నిబంధనలు 1959లోనే వచ్చాయి. గని దగ్గరే స్నానాల గదులు, బట్టలు పెట్టుకునే చోటు ఉండాలన్నది వాటి సారం. పని మురికిని కడిగించే బాధ్యత పని చేయించుకునేవాళ్లదే అన్న ఒప్పుకోలు అందులో ఉంది. ఇంటి సబ్బు పాఠాలు ఆ బాధ్యతను ఆడవాళ్ల నెత్తికి మార్చే సాకు కాకూడదు. పర్మనెంటు కార్మికుడికి ఎంత వర్తిస్తుందో కాంట్రాక్టు కార్మికుడికీ అంతే వర్తించాలి. ఆ తర్వాత కూడా మిగిలే దుమ్ము ఉంటుంది. ఓపెన్‌కాస్టు గనుల గాలికి, రోడ్డు మీద బొగ్గు లారీలకు స్నానాల గదులతో పని లేదు కదా. నేను మాట్లాడేది ఆ మిగిలిన దాని గురించి.

సబ్బు ఉండగా కుంకుడు ఎందుకు అనేవాళ్లకు ఒక జవాబు నీళ్లలో ఉంది. తెలంగాణలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పు నీళ్లే. వాటిలోని సున్నం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టులా విరిగిపోతుంది. నురగ రాదు, బకెట్ అంచున గార కడుతుంది, వంటి మీద జిగటగా ఉంటుంది, దానికి తోడు ఇంకాస్త సబ్బు అరుగుతుంది. సపోనిన్‌కు ఈ బాధ లేదు, ఉప్పు నీళ్లలోనూ విరగదు. రెండో జవాబు చర్మంలో ఉంది. సబ్బు పీహెచ్ 9, 10 మధ్య ఉండే క్షారం. చర్మం 5 చుట్టుపక్కల ఉండే మెత్తటి ఆమ్ల గుణం కలది. కుంకుడు, సీకాయ రెండూ చర్మం వైపే ఉంటాయి. ఎండాకాలం రామగుండంలో 45 డిగ్రీలు దాటిన రోజు చెమట కాయలు పేలిన వీపును బట్టల సబ్బుతో రుద్దడం ఎందుకు మంటో ఇందువల్లే తెలుస్తుంది. అలాగని సబ్బును తిట్టాల్సిన పని లేదు. మన ప్రమాణాల ప్రకారం మొదటి రకం టాయిలెట్ సబ్బులో కొవ్వు పదార్థం, అంటే రేపర్ మీద టీఎఫ్ఎం అని రాసేది, కనీసం 76 శాతం ఉండాలి, మూడో రకంలో 60 చాలు. ‘బాతింగ్ బార్’ అని అచ్చేసి అమ్మేదాంట్లో 40 ఉన్నా సరిపోతుంది. ఈ మూడు అంకెలు చదవడం నేర్పితే, పూల వాసన చూసి కొనే అలవాటు సగం తగ్గుతుంది. ఇంటి తయారీ నేర్పే శిక్షణలో కొట్లో కొనడం నేర్పడానికి కూడా ఒక పూట కేటాయించాలని నా ఉద్దేశం.

సహజం, రసాయనం అని గీత గీసి, అటు పాపం ఇటు పుణ్యం అనుకోవడం దగ్గరే అసలు తప్పు మొదలవుతుంది. సర్ఫ్ రాకముందు చాకిరేవులో రజకులు బట్టలు ఉబ్బకు వేసేది చౌడుతో. పొలం గట్ల మీద తెల్లగా పేరుకునే ఆ చౌడులో ఉన్నది ముఖ్యంగా సోడియం కార్బొనేట్. సర్ఫ్ పాఠంలో బస్తా నుంచి తీసే సోడా యాష్ కూడా అదే. మట్టిలో దొరికితే మంచిది, బస్తాలో దొరికితే చెడ్డది ఎలా అవుతుంది? దీనికి ఎదురు ఉదాహరణ బూడిద. అంట్లు బూడిదతో తోమడం ఆరోగ్యం అని ఇప్పుడు ఫోన్లలో తిరిగే వీడియోలు చెబుతున్నాయి. ఏ బూడిద? కట్టెల బూడిదలో పొటాషియం క్షారం ఉంటుంది, అది జిడ్డును విరుస్తుంది, అందుకే మన అమ్మమ్మలు వాడారు. బొగ్గు బూడిద అది కాదు. అందులో ఎక్కువ పాలు సిలికా, అల్యూమినా, వాటితో పాటు కొద్ది కొద్దిగా ఆర్సెనిక్, క్రోమియం, సీసం వంటివి ఉంటాయి. అది గిన్నెను గీకుతుంది, కడగదు. సంస్థ కార్మికులకు వంట బొగ్గు ఇచ్చిన కాలంలో ఇక్కడి పొయ్యిల్లో మిగిలింది ఆ బూడిదే. ఇప్పుడు గ్యాస్ వచ్చింది గానీ, 2600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం పక్కనున్న ఊళ్లకు బూడిద కరువు లేదు. కోనసీమలో చెల్లే పాత అలవాటు గోదావరిఖనిలో విషం కావచ్చు. ఏ వీడియోకూ తెలియని ఈ తేడాను బొగ్గు తవ్వే సంస్థే చెప్పగలదు.

ఇంటి వైద్యం, ఇంటి అందం పేరిట చెలామణీ అయ్యే మిగతావాటికీ ఇదే పరీక్ష పెట్టాలి. నిమ్మరసం మొహానికి రాసుకుని ఎండలోకి వెళ్తే పొక్కులు లేచి నల్లమచ్చలు పడవచ్చు. పసుపు మంచిదే, కానీ రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపిన పసుపు మంచిది కాదు. బంగ్లాదేశ్‌లో ఈ కల్తీ ఎంత సీసాన్ని ఇళ్లల్లోకి తెచ్చిందో 2019లో పరిశోధకులు బయటపెట్టాక అక్కడి ప్రభుత్వం దాడులు చేసి దాదాపు లేకుండా చేసింది. మనకు పసుపు పండే నిజామాబాద్ ఎంతో దూరం లేదు, మెరుగు పెట్టని కొమ్ములు తెచ్చుకుని దంచుకుంటే ఆ భయం తగ్గుతుంది. పసిపిల్లలకు స్నానం కాగానే సాంబ్రాణి పొగ వేయడం ముచ్చటగానే ఉంటుంది. అసలే దుమ్ము గాలి పీల్చే ఊళ్లో ఆ లేత ఊపిరితిత్తులకు ఇంకో పొగ ఎందుకు? గజ్జల్లో తామరను వేపాకు నీళ్లతో కడిగితే హాయిగా ఉంటుందేమో గానీ తామర పోదు. బూట్లలో, చెమటలో ఎనిమిది గంటలు నానే కార్మికుడు డాక్టరు దగ్గరికే పోవాలి. మందుల షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీము అసలే పనికిరాదు. పెద్దలు చెప్పింది గనుక సరైనదే అనుకోవడం, కంపెనీది గనుక సరైనదే అనుకోవడం, రెండూ ఒకే బద్ధకం.

నేల కడగడం దగ్గరికి వస్తే ఒక తమాషా ఉంది. బత్తాయి, నారింజ తొక్కలు మూడు పాళ్లు, బెల్లం ఒక పాలు, నీళ్లు పది పాళ్లు కలిపి మూడు నెలలు పులియబెట్టే ద్రావణానికి బయో ఎంజైమ్ అని పేరు. జ్యూస్ బండ్ల దగ్గర తొక్కలు ఊరికే దొరుకుతాయి. మంచి వస్తువే, కుళాయిల మీద ఉప్పు నీళ్ల గారను బాగా వదిలిస్తుంది. మొదటి నెల రోజూ మూత వదులు చేయాలి, లేదంటే లోపలి గ్యాసుకు సీసా పగులుతుంది. అయితే అది ఆమ్లం, చింతపండు పులుసులాగే. కరీంనగర్ గ్రానైట్ మీద పోస్తే ఏమీ కాదు. తాండూరు బండ, షాబాదు బండ సున్నపురాళ్లు, వాటి మీద పోస్తే నునుపు పోయి గుంతలు పడతాయి. బండ చూసి మందు పోయాలన్నమాట. ఇక బేకింగ్ సోడాలో వెనిగర్ పోసి బుసబుస పొంగించే చిట్కా చూడ్డానికి బాగుంటుంది, పొంగు ఆగాక మిగిలేది దాదాపు ఉప్పు నీళ్లే, రెండూ ఒకదాన్నొకటి చంపుకున్నాయి. అంతకంటే ప్రమాదం బాత్‌రూమ్ యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడర్‌ను ఒకేసారి వాడడం. క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. బాయిలోకి దిగే మనిషికి ఏ గ్యాసు ఏం చేస్తుందో చెప్పకుండా పనిలోకి పంపరు, 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనలు ఉన్నాయి. తలుపు వేసుకుని బాత్‌రూమ్ కడిగే ఆమెకు ఆ నాలుగు మాటలు చెప్పేవాళ్లు లేరు.

ఈ వాదన మీద అందరికంటే బలమైన అభ్యంతరం ఇంటి ఆడవాళ్లదే, దానిని దాటవేయలేను. కుంకుళ్లు కొట్టి, గింజలు తీసి, రాత్రి నానబెట్టి, పొద్దున్న పిసికి, గుడ్డలో వడగట్టి, ఆ నురగ కంట్లో పడి పిల్లవాడు ఏడిస్తే ఊరుకోబెట్టి, ఇన్ని చేసే బదులు పొట్లం చించి పోసుకుంటే అయిపోయే పనికి ఎందుకీ బాధ? ఆమె మాట నిజం. రూపాయి మిగిల్చి గంట తినే పొదుపు పొదుపు కాదు, ఆమె గంటకు ఎవరూ కూలి కట్టరు గనుక పొదుపులా కనిపిస్తుంది. పైగా పిసికిన రసం రెండు మూడు రోజుల్లో పులిసి కంపు కొడుతుంది. నీళ్లున్న ఏ ఇంటి తయారీ అయినా, నిలవ ఉంచే మందు లేకపోతే, సూక్ష్మజీవులకు ఇల్లే. అందుకే ఇది ఒక్కో వంటింట్లో చేసే పనిగా నేను అడగడం లేదు. కాలనీకొక గిర్ని పెట్టండి. ఎండిన కుంకుడు పెచ్చులు, సీకాయ, పెసలు, శనగలు వేర్వేరుగా పట్టించి పొడిగా, తడి తగలకుండా ఇస్తే నెలల తరబడి ఉంటుంది, వాడే ముందు గిన్నెలో కలుపుకుంటే చాలు. పిండి పట్టే గిర్నిలో ఇది కుదరదు, తర్వాత వచ్చే జొన్నలు చేదెక్కుతాయి. ఆ పొడి ముక్కుల్లోకి పోతే తుమ్ములు ఆగవు, మాస్కు పెట్టుకోవాలి, దుమ్ము లాగే ఫ్యాను ఉండాలి. ఇంత చిన్న యంత్రానికి దుమ్ము నివారణ ఏర్పాటు చేయడం మీ వర్క్‌షాప్ వాళ్లకు మధ్యాహ్నం టీ వేళకు అయిపోయే పని.

డాక్టర్ల అభ్యంతరం ఇంకొకటి ఉంటుంది: ఇవేవీ క్రిములను చంపవని. ఒప్పుకుంటాను. అతిసారం వచ్చిన ఇంట్లో, వరద నీళ్లు చేరిన వీధిలో, ఆసుపత్రి వార్డులో బ్లీచింగ్ పౌడరే కావాలి, కుంకుడు కాదు. మరుగుదొడ్డి నుంచి వచ్చాక సబ్బుతో చేతులు కడగడం మానవద్దు. రోజూ తుడిచే హాల్లో మాత్రం క్రిమిసంహారిణి ఎందుకో నాకు అర్థం కాదు. అక్కడ ఉన్నది దుమ్ము, తడిగుడ్డకు పోతుంది. ఫినాయిల్ వాసన వస్తేనే శుభ్రం అయినట్టు అనుకోవడం ముక్కుకు పట్టిన అలవాటు. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. సపోనిన్ చేపలకు విషం, ఇప్ప పిండి చల్లి చేపలు పట్టేది అందుకే. పలచబడి మురికి కాలువలో పోతే త్వరగా విరిగిపోతుంది గానీ, చిక్కటి రసాన్ని చెరువులో పారబోస్తే చేపలు తేలతాయి. చెట్టు నుంచి వచ్చినది గనుక ఎక్కడైనా పోయొచ్చు అనుకోకూడదు.

ఇంటి వాడకం వేరు, అమ్మకం వేరు. శిక్షణ పొందిన వాళ్లు సబ్బు, షాంపూ, సున్నిపిండి ప్యాకెట్లు చేసి అమ్మాలనుకుంటే అవి కాస్మెటిక్స్ కిందికి వస్తాయి, 2020 కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం రాష్ట్ర అధికారుల నుంచి లైసెన్సు కావాలి. ఫినాయిల్ లాంటి క్రిమిసంహారక ద్రావణాలకు డ్రగ్స్ నిబంధనల్లో షెడ్యూల్ ఓ అని ప్రమాణాలే ఉన్నాయి. సర్టిఫికెట్ చేతికిచ్చి ఈ సంగతి చెప్పకుండా పంపితే, మొదటి తనిఖీకే ఆమె కొట్టు మూసుకోవాలి. దారి లేకపోలేదు. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ అడవి బిడ్డల దగ్గర కుంకుడు, సీకాయ కొని పొడులు, సబ్బులు చేసి అమ్మింది. మీ ప్రధాన కార్యాలయం ఉన్న భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనే గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) చేయూతతో దమ్మక్క పేరు పెట్టుకున్న ఆదివాసీ మహిళల బృందం సబ్బులు తయారు చేస్తోంది. ప్రభుత్వ సంస్థకు సబ్బు నామోషీ అనుకునేవాళ్లు మైసూరును గుర్తు చేసుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో గంధపు చెక్క ఎగుమతి ఆగిపోతే ఆ సంస్థానం సబ్బుల ఫ్యాక్టరీ పెట్టింది, ఆ సబ్బు ఇవాళ్టికీ మన కొట్లలో ఉంది. ఒక్క హెచ్చరిక: కాస్టిక్ సోడా లాంటి ఘాటు క్షారం లేకుండా ఏ సబ్బూ పుట్టదు, వేపాకు వేసినా పసుపు వేసినా. కాబట్టి సబ్బు కాచడం ఇంట్లో నేర్పవద్దు. కేంద్రంలో, కళ్లద్దాలు, గ్లౌజులు పెట్టించి, కెమిస్టు ఎదుట నేర్పండి.

చివరగా ముడి సరుకు. ఏటా వానాకాలం మీ సంస్థ ఓపెన్‌కాస్టుల మట్టి గుట్టల మీద, కాలనీల చుట్టూ లక్షల మొక్కలు నాటుతుంది. నీడకు, కలపకు పనికొచ్చే చెట్లు పెడతారు, మంచిదే. వాటి మధ్య కుంకుడు, కానుగ, ఇప్ప, ఉసిరి ఎందుకు ఉండకూడదు? కానుగ బీద నేలలో కూడా బతికి నేలకు నత్రజని ఇస్తుంది, దాని నూనె తినడానికి పనికిరాకపోయినా బట్టల సబ్బుకు పనికొస్తుంది. తవ్వి పోసిన మట్టిలో పెరిగిన చెట్టు కాయల్లోకి లోహాలు చేరవా అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న సరైనదే. మొదటి కాపు వచ్చినప్పుడు పరీక్ష చేయించి, ఫలితం కాలనీ నోటీసు బోర్డు మీద పెట్టండి. బాగా లేకపోతే ఆ గుట్ట కాయలు ఒంటికి వాడకండి, కాలనీల చెట్లవి వాడండి. పరీక్షకు లేబరేటరీలు, నాటడానికి అటవీ విభాగం, నేర్పడానికి సేవా సమితి, ఖర్చుకు 2013 కంపెనీల చట్టం కింద లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యత నిధి, అన్నీ ఒకే సంస్థ చేతిలో ఉన్న ఊళ్లు మన రాష్ట్రంలో ఎన్నో లేవు.

కనుక వచ్చే శిక్షణ బ్యాచ్‌కు మొదటి రోజు పాఠంగా ఆ గ్లాసును, బొగ్గు పొడిని పెట్టించండి. కాలనీకొక గిర్ని సంగతి బడ్జెట్‌లో రాయించండి. ఈ వానాకాలం నర్సరీ జాబితాలో కుంకుడును చేర్పించండి. ఈ మూడింటిలో మొదటిది రేపు మొదలుపెట్టవచ్చు, రెండోది ఏడాదిలో అవుతుంది. మూడోదానికి మాత్రం ఆలస్యం పనికిరాదు, గింజ నుంచి పెరిగిన కుంకుడు కాయడానికి ఎనిమిది, పదేళ్లు పడుతుంది.